బయోసెన్సర్ పది నిమిషాల్లో బ్యాక్టీరియాని పట్టేస్తుందట, సరే... ఎన్ని నీళ్లలో?

భీమవరం చుట్టుపక్కల ఏ ఆక్వా ల్యాబ్‌లోనైనా పొద్దున పూట కాసేపు కూర్చుని చూడండి. చెరువు నీళ్లు నింపిన పాత కూల్‌డ్రింక్ సీసా పట్టుకుని ఒక రైతు వస్తాడు, సీసా మీద పెన్నుతో చెరువు నంబరు గీకి ఉంటుంది. ల్యాబ్ కుర్రాడు అందులోంచి పిపెట్‌తో 100 మైక్రోలీటర్లు, అంటే ఓ రెండు చుక్కలు తీసి, ఆకుపచ్చ జెల్లీ పోసిన ప్లేటు మీద వేసి, వంచిన గాజు కడ్డీతో గుండ్రంగా పరిచి, మూతపెట్టి ఇంక్యుబేటర్‌లోకి తోస్తాడు. "రిపోర్టు ఎప్పుడిస్తావ్?" "రేప్పొద్దున రండి బాబాయ్." "ఈ రాత్రికి రొయ్య మేత మానేస్తే?" కుర్రాడు తర్వాతి సీసా మూత తీస్తాడు.

మర్నాడు ఆ ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా కాలనీలు లేస్తాయి. కొన్ని పసుపు, కొన్ని పచ్చ. ల్యాబ్ వెతికేది విబ్రియో అనే బ్యాక్టీరియాల గుంపుని, రొయ్యలకి జబ్బు తెచ్చేవి ఇందులో ఉంటాయి. వీటిలో పంచదారని తినగలిగేవి ఆమ్లం వదులుతాయి, దాంతో కింద ఉన్న రంగు పసుపుకి మారుతుంది. తినలేనివి పచ్చగానే ఉండిపోతాయి. గట్ల మీద జనం దీన్ని ఇంకా కుదించి "గ్రీన్ వస్తే డేంజర్, ఎల్లో వస్తే పర్లేదు" అని చెప్పుకుంటారు. పూర్తిగా నిజం కాదది. మనుషులకి కలరా తెచ్చే విబ్రియో ఇదే ప్లేటు మీద పసుపుగానే లేస్తుంది.

సరే, ఈ ఒక రాత్రి టెన్షన్ పోగొడతామనే బయోసెన్సర్ల వాళ్లు చెప్పేది. రోజుకో వార్త చూస్తూనే ఉన్నాం, "పది నిమిషాల్లో బ్యాక్టీరియాని పట్టే చిప్", "అరగంటలో సాల్మొనెల్లా" అంటూ. అవన్నీ అబద్ధాలని నేను అనను. చాలావాటిలో ఆ పది నిమిషాలు నిజమే. కాకపోతే పదో ఇరవయ్యో నిమిషాలు అని చెప్పేవాళ్లెవరూ ఎంత నీళ్లని చూసి చెప్పారో చెప్పరు, మనమూ అడగం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు బయోసెన్సర్ అంటే ఏమిటో చూద్దాం. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే అది మీ టీవీ పక్కనే ఉండి ఉంటుంది. గ్లూకోమీటరే ప్రపంచంలో అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయిన బయోసెన్సర్. దీనికి మూలం 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ వేసిన ఎత్తు. ఆయన అప్పటికే ఆక్సిజన్‌ని కొలిచే ఎలక్ట్రోడ్ ఒకటి తయారుచేసి ఉన్నాడు, దాని మీద గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకునే ఎంజైమ్ పొర వేస్తే చక్కెర ఎంతుందో కరెంటు రూపంలో చదవొచ్చు కదా అన్నాడు. అంతే సూత్రం. ఒక పక్క కావలసినదాన్ని మాత్రమే గుర్తుపట్టే ఒక జీవపదార్థం, ఇంకో పక్క ఆ గుర్తుపట్టిన సంగతిని కరెంటుగానో వెలుగుగానో రంగుగానో మార్చి మనకి చెప్పే పరికరం. ఒకటి కాపలా కుక్క, రెండోది దాని మెడలో గంట.

మరి చక్కెరకి పనిచేసింది బ్యాక్టీరియాకి ఎందుకు పనిచేయదు? లెక్క వేయండి. రక్తంలో షుగర్ 100 ఉందనుకోండి. స్ట్రిప్ పీల్చుకునేది ఒక మైక్రోలీటరు, చుక్కలో యాభయ్యో వంతు. అంత కాస్త రక్తంలోనూ గ్లూకోజ్ అణువులు దాదాపు 33 కోట్ల కోట్లుంటాయి. ఎంజైమ్ పొర వెతుక్కోనక్కర్లేదు, తిరునాళ్లలో నిలబడ్డట్టు, ఎటు తిరిగినా గ్లూకోజే తగులుతుంది.

ఇప్పుడు తాగే నీళ్ల సంగతి. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఈ.కోలై (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, కనబడిందంటే నీళ్లలో మలం కలిసినట్టే) కూడా కనబడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కూడా అదే. అంటే పరీక్ష పెట్టే పరికరం 100 మి.లీ.లో ఒక్కటంటే ఒక్కటి ఉన్నా చెప్పగలగాలి. ఒక ఈ.కోలై కణం పొడవు రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఘనపరిమాణం దాదాపు ఒక ఘన మైక్రాన్. ఆ లెక్కన దాన్ని ఓ 100 మి.లీ. టీ గ్లాసంత పెద్దది చేశామనుకోండి, అదే నిష్పత్తిలో మన 100 మి.లీ. నీళ్లు 350 టీఎంసీలు దాటతాయి. నాగార్జునసాగర్ 590 అడుగుల దాకా నిండితే ఉండేది 312 టీఎంసీలు. నిండిన సాగర్‌లో ఎక్కడో ఒక టీ గ్లాసు పడేసి, అది ఉందో లేదో చెప్పమంటున్నాం, అదీ పది నిమిషాల్లో.

ఆహారానికీ ఇలాంటి నిబంధనే. తిండి ద్వారా జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అయితే 25 గ్రాముల శాంపిల్‌లో అసలు ఉండకూడదు. ఈ.కోలైలో ఓ157 అనే మొండి రకం పది నుంచి వంద కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, మనిషి మంచం పడతాడు. కాబట్టి "కొంచెం ఉంటే పర్లేదులే" అనడానికి లేదు.

మళ్లీ సెన్సర్ దగ్గరికి వద్దాం. కాపలా కుక్కగా ఎవర్ని పెట్టాలన్నది మొదటి నిర్ణయం. ఎక్కువమంది యాంటీబాడీలు వాడతారు. మన ఒంట్లో రోగాలతో పోరాడేవే, వై ఆకారంలో ఉంటాయి, బ్యాక్టీరియా ఒంటి మీది ఒక గుర్తుని పట్టుకుని వదలవు. ఖరీదు ఎక్కువ, ఎండలో పెడితే చెడిపోతాయి, దగ్గర చుట్టాల్ని చూసి పొరబడి వాళ్లనీ పట్టుకుంటాయి. 1990లో వచ్చిన ఆప్టమర్లు ఇంకో దారి. ఇవి చిన్న డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ ముక్కలు, కోట్లాది రకాల్లోంచి మనకి కావలసినదానికి అతుక్కునేవాటిని వడపోసి ఏరుకుంటారు, ల్యాబ్‌లో రసాయనికంగా తయారుచేసుకోవచ్చు. మూడోది ఫేజ్, బ్యాక్టీరియాని మాత్రమే వేటాడే వైరస్. నాకు దీని మీద పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నా, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక కుక్క మెడలో గంట సంగతి. రంగు గీత వచ్చే కాగితం స్ట్రిప్ అందరికీ తెలిసిందే, కోవిడ్ టైమ్‌లో ఇంటింటా చూశాం. ఆ ఎర్ర గీత నిజానికి బంగారు నలుసులు ఒకచోట గుమిగూడటం. బ్యాక్టీరియాకి కూడా ఇలాంటి స్ట్రిప్పులున్నాయి, కానీ కంటికి గీత కనబడాలంటే సాధారణంగా మిల్లీలీటరుకి లక్ష దాకా కణాలుండాలి. ఒక్కదాన్ని వెతికేచోట లక్ష అడిగే స్ట్రిప్ ఏం చేస్తుంది? క్వార్ట్జ్ స్ఫటికం మీద బ్యాక్టీరియా అతుక్కుంటే దాని కంపనం మారడాన్ని కొలిచేవి ఉన్నాయి, ఎలక్ట్రోడ్ మీద కూర్చుని కరెంటుకి అడ్డుపడటాన్ని కొలిచేవి ఉన్నాయి.

బంగారు పొర మీద కాంతి పడేసి కొలిచే రకం మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే పరిశోధన పత్రాల్లో దీని పేరు మోగిపోతూంటుంది. సన్నటి బంగారు రేకు వెనక నుంచి కాంతి పంపిస్తే, ఒకానొక కోణంలో తిరిగొచ్చే వెలుగు బాగా తగ్గిపోతుంది, రేకు ముందువైపు ఏదైనా అతుక్కున్నప్పుడు ఆ కోణం జరుగుతుంది. ప్రొటీన్లని కొలవడానికి బ్రహ్మాండమైన పద్ధతి. కానీ ఆ కాంతి ప్రభావం రేకు దాటి బయటికి వెళ్లేది దాదాపు 200 నానోమీటర్లే, ఆ తర్వాత దానికి చూపు ఆనదు. బ్యాక్టీరియా మందమేమో దానికి నాలుగైదింతలు. అంటే గుమ్మం దగ్గర నిలబడ్డ ఏనుగుని, తలుపు కింద సందులోంచి కాళ్లు మాత్రమే చూసి పోల్చుకోవాలి. పైగా ఆ బ్యాక్టీరియా ఒంటి నిండా ఉన్నది నీళ్లే, చుట్టూ ఉన్నదీ నీళ్లే, తేడా పెద్దగా తెలియదు. అందుకే విషపు ప్రొటీన్లని ఇట్టే పట్టే పరికరం, వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన బ్యాక్టీరియా దగ్గర తడబడుతుంది. పెద్దది కాబట్టి సులభంగా దొరకాలి అనుకుంటాం, ఇక్కడ ఉల్టా.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఈ చిప్పులన్నిట్లో నీళ్లు పారే కాలవలు వెంట్రుక మందాన ఉంటాయి. నిమిషానికి 10 మైక్రోలీటర్లు పంపిస్తారు అనుకుందాం, ఇలాంటి చిప్‌కి అది మామూలే. 100 మి.లీ. అంటే లక్ష మైక్రోలీటర్లు. భాగించండి. పదివేల నిమిషాలు, అంటే దాదాపు ఏడు రోజులు! పది నిమిషాల సెన్సర్ ఒక్క గ్లాసుడు నీళ్లని పూర్తిగా చూడాలంటే వారం పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు కాబట్టి ఒక చుక్క తీసి వేస్తారు. 100 మి.లీ.లో ఒకే ఒక్క బ్యాక్టీరియా ఉంటే, అది సరిగ్గా మీరు తీసిన ఆ చుక్కలోనే ఉండే అవకాశం రెండు వేలల్లో ఒకటి. సెన్సర్ ఎంత గొప్పదైనా కావచ్చు, తన ముందుకి రానిదాన్ని ఎలా చూస్తుంది?

దీనికి రెండు దార్లున్నాయి. ఒకటి, ఎక్కువ నీళ్లని కొంచెంలోకి కుదించడం. 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్‌లో 100 మి.లీ. వడపోస్తే బ్యాక్టీరియా అంతా ఆ కాగితం మీదే ఆగిపోతుంది. లేదంటే యాంటీబాడీ పూసిన చిన్న చిన్న అయస్కాంతపు పూసలు శాంపిల్‌లో వేసి, కలిపి, బయట అయస్కాంతం పెట్టి పూసల్ని గోడకి లాగి, మిగతా నీళ్లు పారబోయడం. చూడటానికి భలే ముచ్చటగా ఉంటుంది, కాఫీరంగు నీళ్లు ఒక నిమిషంలో తేటపడి గోడమీద గోధుమరంగు మచ్చ మిగులుతుంది. శుభ్రమైన నీళ్లలో బాగానే నడుస్తుంది. చెరువు నీళ్లయితే ఫిల్టర్ పాచితో మూసుకుపోతుంది. ఇక పాలూ మాంసమూ అయితే మరీ కష్టం, కొవ్వూ ప్రొటీన్లూ అన్నిటికీ అతుక్కుంటాయి. నేనొకసారి స్ట్రిప్ మీద మామూలు చిక్కటి పాలు వేసి చూశాను, సగం దూరం కూడా పాకలేదు, అక్కడే మీగడ కట్టి కూర్చుంది. అందుకే ఎక్కడైనా "మిల్లీలీటరుకి పది కణాలు పట్టింది" అని చదివితే నేను మొదట చూసేది, ఆ పది కణాలు వేసింది శుభ్రమైన ఉప్పునీళ్లలోనా, నిజం పాలల్లోనా అని. ఎక్కువసార్లు ఉప్పునీళ్లే.

రెండో దారి, దాన్ని పెరగనివ్వడం. ఈ.కోలై అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఒక్కదాన్ని పోషకాలున్న పులుసులో వేసి వెచ్చగా పెడితే ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది, అప్పుడు మన లక్ష అడిగే కాగితం స్ట్రిప్ కూడా గీత చూపిస్తుంది. "అరగంటలో ఫలితం" అని పెద్ద అక్షరాల్లో వేసి, చిన్న అక్షరాల్లో "ఎన్‌రిచ్‌మెంట్ తర్వాత" అని రాసేది దీని గురించే. ఆ చిన్న అక్షరాల్లో ఎనిమిది గంటలో, ఒక్కోసారి ఒక పూర్తి రోజో దాక్కుని ఉంటాయి. మోసం అనను గానీ, బస్సు ఎక్కాక పట్టే టైమే చెప్పి, బస్టాండులో పడిగాపులు కాసిన టైము చెప్పకపోవడం లాంటిది. అయినా పాత పద్ధతితో పోలిస్తే లాభమే. సాల్మొనెల్లాకి ప్రామాణిక కల్చర్ అంటే ఒక పులుసులో 18 గంటలు, ఇంకో పులుసులో 24, ప్లేటు మీద మరో 24, ఆపైన నిర్ధారణ పరీక్షలు, అన్నీ కలిపి నాలుగైదు రోజులు. ఎగుమతికి సిద్ధమైన రొయ్యల పెట్టెలు అన్నాళ్లూ కోల్డ్ స్టోరేజీలో కదలకుండా ఉంటే ఎవరి జేబుకి చిల్లో చెప్పనక్కర్లేదు.

ఇంకో మెలిక ఉంది. దొరికింది బతికి ఉందా, చచ్చిందా? క్లోరిన్ వేసిన నీళ్లలో, కాచిన పాలల్లో చచ్చిన బ్యాక్టీరియా బోలెడుంటాయి. యాంటీబాడీకి శవానికీ మనిషికీ తేడా తెలియదు, గుర్తు కనబడితే పట్టేసుకుంటుంది. డీఎన్ఏని కోట్ల ప్రతులు తీసి వెతికే పీసీఆర్ పరీక్ష కూడా అంతే, డీఎన్ఏ ఉంటే చాలు ఉందని చెప్పేస్తుంది. బతికున్నవాటినే లెక్కపెట్టే ప్లేటు పద్ధతికీ ఒక గుడ్డితనం ఉంది, 1982లో రీటా కోల్వెల్ బృందం చూపించింది: కలరా బ్యాక్టీరియా కష్టకాలంలో నిద్రలోకి జారుకుంటుంది, బతికే ఉంటుంది కానీ ప్లేటు మీద కాలనీ కట్టదు. అంటే ఒకడు చచ్చినవాణ్ణి కూడా లెక్కలో వేస్తాడు, ఇంకొకడు నిద్రపోయేవాణ్ణి చచ్చాడంటాడు.

ఫేజ్ అంటే నాకెందుకిష్టమో ఇక్కడ చెప్పాలి. ఆ వైరస్ తనంతట తాను ఏమీ చేయలేదు, బతికున్న బ్యాక్టీరియాలోకి దూరితేనే దానికి జీవితం. దాని జన్యువుల్లో మిణుగురు పురుగు వెలుగు జన్యువుని ఇరికించి వదిలితే, అది సరైన బ్యాక్టీరియాని వెతుక్కుని లోపలికెళ్లి, ఆ బ్యాక్టీరియా చేతే మిణుగురు ఎంజైమ్ తయారుచేయిస్తుంది. ఆ ఎంజైమ్‌కి కావలసిన రసాయనం కలిపామా, వెలుగొస్తుంది. చచ్చినదైతే వెలుగు లేదు. 1993లో క్షయ బ్యాక్టీరియా మీద ఈ ఉపాయాన్ని ప్రయోగించారు: మందు వేసినా ఇంకా వెలుగుతోందంటే ఆ మందు దాని మీద పనిచేయడం లేదన్నట్టు. చిక్కేమిటంటే ఫేజ్‌లకి పట్టింపులెక్కువ, ఒకే జాతిలో కూడా కొన్ని రకాల్లోకే దూరతాయి, మిగతావాటి గడప తొక్కవు.

ఇన్ని చిక్కులున్నప్పుడు నిజంగా పనిచేస్తున్నవేమిటి అంటే, ఎక్కువగా ఆర్భాటం లేనివే. ఆసుపత్రిలో జ్వరం తగ్గనివాళ్లకి బ్లడ్ కల్చర్ అని సీసాలోకి ఎనిమిదీ పదీ మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, "అంత రక్తం ఎందుకండీ" అని మనవాళ్లు నర్సుతో గొడవపడతారు. ఎందుకంటే రక్తంలో బ్యాక్టీరియా మిల్లీలీటరుకి ఒకటో రెండో మాత్రమే ఉండొచ్చు, చుక్క తీస్తే దొరకదు. ఒక రకం సీసాల అడుగున రంగు బిళ్ల ఉంటుంది, బ్యాక్టీరియా పెరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి అది పసుపుకి తిరుగుతుంది, మెషీను ప్రతి పది నిమిషాలకీ ఆ బిళ్ల రంగు చూస్తూంటుంది. పది నిమిషాలన్న మాట ఇక్కడా ఉంది చూశారా, కాకపోతే సీసా మెషీన్లో ఐదు రోజులదాకా ఉండొచ్చని దాచకుండా చెప్తారు.

ఇంకొకటి మన దేశంలోనే పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్‌లో మంజా, ఆయన సహచరులు 1982లో ఒక నీటి పరీక్ష ప్రచురించారు. సీసాలో మందులో తడిపి ఆరబెట్టిన ఒక మడత కాగితం, అందులో 20 మి.లీ. నీళ్లు పోసి మూతపెట్టి గది వేడిమికే వదిలేయడం. మలంలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి, కుళ్లిన గుడ్డు కంపు కొట్టేది అదే, అది మందులోని ఇనుముతో కలిసి సీసా మొత్తాన్ని నల్లగా చేస్తుంది. ఇంక్యుబేటర్ అక్కర్లేదు, మన ఎండలకి గదే ఇంక్యుబేటర్. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకి నీటి పరీక్షల్లో శిక్షణ ఇచ్చి చేతికిచ్చే కిట్లలో ఈ సీసా కూడా ఉంటుంది. మందకొడి పరీక్షే, ఒక రోజు పైన పడుతుంది, పైగా ఎవరున్నారో పేరు చెప్పదు, "మలం కలిసిందని అనుమానం" అంటుంది అంతే. విచిత్రంగా ఈ.కోలై మామూలుగా ఈ వాయువుని వదలదు కూడా, దాని సావాసగాళ్ల ద్వారానే దొరుకుతుంది. అయినా నా ప్రశ్న అడిగితే తలెత్తుకుని జవాబు చెప్తుంది: ఎన్ని నీళ్లు చూశావ్? 20 మి.లీ., అంటే చిప్‌లో వేసే చుక్కకి 400 రెట్లు. అన్నట్టు నల్లబడ్డ సీసాని ఊరికే పారబోయకండి, అందులో ఇప్పుడు కోట్ల కొద్దీ ఉన్నాయి, బ్లీచింగ్ కలిపి కాసేపు ఉంచాకే పారబోయాలి.

ఇప్పుడు ఆక్వా ల్యాబ్‌కి. రొయ్యల చెరువులో విబ్రియో మిల్లీలీటరుకి వందల్లో, వేలల్లో ఉంటుంది, కాబట్టి సాగర్‌లో టీ గ్లాసు సమస్య ఇక్కడ అంత లేదు, అందుకే ఆ కుర్రాడు రెండు చుక్కలతో సరిపెట్టగలుగుతున్నాడు. గట్టు మీద పెట్టుకునే సెన్సర్ ముందుగా పనికొచ్చేది ఇలాంటి చోటే అని నా అంచనా. కానీ ఇక్కడ చిక్కు వేరే రూపంలో వస్తుంది. 2009లో చైనాలో మొదలై వియత్నాం, థాయిలాండ్ చెరువుల్ని ఖాళీ చేసిన జబ్బుకి కారణం విబ్రియో పారాహెమోలిటికస్ అని 2013లో అరిజోనా యూనివర్సిటీలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. అయితే ఆ జాతి అంతా హంతకులు కాదు. రెండు విషపు ప్రొటీన్ల జన్యువులున్న ఒక చిన్న డీఎన్ఏ చుట్ట, ప్లాస్మిడ్, ఎవరి దగ్గరుందో వాళ్లే హంతకులు. అది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంది కూడా. జాతిని గుర్తుపట్టే యాంటీబాడీ పెడితే అమాయకుణ్ణి కూడా పట్టుకొచ్చి "దొరికాడు" అంటుంది, ప్లేటు మీద పచ్చ కాలనీ చేసేదీ అదే పని. విషం జన్యువుని పీసీఆర్‌తో కొన్ని గంటల్లో వెతకొచ్చు, హేచరీ నుంచి సీడు తెచ్చుకునేముందు చేయించుకుంటే డబ్బులు దండగ అనుకోనక్కర్లేదు. చెరువులో రొయ్య మేత మానేశాక మాత్రం ఆ రిపోర్టుతో చేసేది తక్కువే.

బాబాయ్ ఇంకా వెళ్లలేదు, సీసా మూత తిప్పుతూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "మరి రేపటిదాకా ఏం చెయ్యమంటావ్?" కుర్రాడు ప్లేటు మూత మీద మార్కర్‌తో చెరువు నంబరూ తేదీ రాస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "ఈ పూటకి మేత సగం చెయ్యండి. రాత్రి కరెంటు పోతే జనరేటర్ వెయ్యండి, ఏరేటర్లు మాత్రం ఆపకండి. మేత తింటున్నాయో లేదో చెక్‌ట్రే ప్రతి రెండు గంటలకీ ఎత్తి చూడండి."